పసివాడి ‘చాలు’ విందాం: పాఠకుల ఉత్తరాలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లల తిండి గురించినవే. గుంటూరు జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసిన ముప్పై ఏళ్లలో నేను ఏ ఇంటి గడప తొక్కినా మొదట వినిపించిన మాట "మావాడు ఏమీ తినడమ్మా" అన్నదే కాబట్టి నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అన్నింటికీ జవాబు రాయడానికి చోటు చాలదు కనుక నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా రాశాను. అందులోని చిక్కు ఎన్నో ఇళ్లలో ఉన్నదే, పైగా ఆ తల్లి మాటవరసకు రాసిన ఒక వాక్యం నన్ను కలవరపెట్టింది.

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారాలు. మా బాబుకు రెండేళ్ల రెండు నెలలు. నేను మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఉదయం తొమ్మిదికి వెళితే సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరతాను. పగలంతా మా అత్తయ్యగారే బాబును చూసుకుంటారు. వాడు ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద ముట్టడు. నీళ్ల చెంబుకు ఫోన్ ఆనించి, వీడియో నడుస్తుండగా నోట్లో పెట్టవలసి వస్తోంది. ఒక్కో పూటకు గంట పైనే పడుతుంది. సరిగా తినలేదని అత్తయ్యగారు వెంటనే సీసాతో గేదె పాలు పడతారు. లేవగానే ఒక సీసా, పదకొండింటికి ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునే ముందు ఒకటి. సీసాకు 240 మిల్లీలీటర్లు పడతాయి. పుట్టినప్పుడు 2.8 కిలోలు ఉన్నాడు, ఇప్పుడు 11 కిలోలు. మలబద్ధకం ఉంది. ఈమధ్య పలక ముందు కూర్చోబెడితే బలపాలు కొరుక్కుని తింటున్నాడు, అది అల్లరే అనుకోండి. ఫోన్ మాన్పిద్దామంటే "బిడ్డ కడుపు మాడుస్తావా" అని అత్తయ్యగారు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నేనేం చేయాలి?
ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అల్లరి అని తేల్చేసిన మాటతోనే మొదలుపెడతాను. బలపాలు తినడం అల్లరి కాదు. బలపం, మట్టి, గోడ సున్నం లాంటివి పిల్లలు పదేపదే తింటున్నారంటే ఒంట్లో ఇనుము తగ్గిందేమోనని ముందుగా అనుమానించాలి. ఈ వారంలోనే పిల్లల డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లి, బలపాల సంగతి, పాల లెక్క రెండూ చెప్పి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 2 ఏళ్లు నిండిన దగ్గర నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు అది డెసిలీటరుకు 11 గ్రాములకన్నా తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. ఇదేదో మీ పెంపకంలో లోపమని కుంగిపోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో దేశం మొత్తం మీద 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. డాక్టరుగారు ఐరన్ సిరప్ రాస్తే ఎంత చెప్పారో అంతే, ఎన్నాళ్లు చెప్పారో అన్నాళ్లూ వేయండి. మందు వాడుతున్నన్ని రోజులు విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడి మధ్యలో ఆపేసిన తల్లులను నేను చాలామందిని చూశాను. నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేయించారో కూడా గుర్తు చేసుకోండి. అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు వేస్తారు, రెండేళ్లు దాటిన పిల్లలకు 400 మిల్లీగ్రాముల మాత్రను పొడి చేసి నీళ్లలో కలిపి పట్టాలి.

ఇప్పుడు పాల లెక్క చూద్దాం. నాలుగు సీసాలంటే 960 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు ఒక గుక్కెడు తక్కువ. నీళ్లు కలపని గేదె పాలు లీటరుకు దాదాపు వెయ్యి కేలరీలు ఇస్తాయి, మీ బాబు వయసు బిడ్డకు రోజు మొత్తానికి కావలసిన శక్తి కూడా ఇంచుమించు అంతే. ఇక వాడు పప్పన్నం ఏ ఆకలితో తినాలి? మీరు ఏమీ తినడం లేదనుకుంటున్న బిడ్డ నిజానికి కడుపు నిండా తాగుతున్నాడు, ఆ తాగేదానిలో ఇనుము లేదు. పాలలో ఇనుము బహు తక్కువ, పైగా పాలలోని కాల్షియం ఇతర ఆహారంలోని ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వదు. మలబద్ధకానికీ ఈ పాలే చాలావరకు కారణమై ఉంటాయి. పాలు మంచివి కావని నేను అనడం లేదు. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 400 మిల్లీలీటర్లు, మహా అయితే 500, అంతకు మించనివ్వకండి. అదికూడా సీసాలో కాకుండా గ్లాసులో, అన్నం తిన్న తరువాత ఇవ్వండి. రాత్రి నోట్లో సీసా ఉండగానే నిద్రపోయే పిల్లలకు ముందు పళ్లు పుచ్చిపోవడం మీరు మీ వీధిలోనే చూసి ఉంటారు.

బరువు గురించి మీరు అడగలేదు గానీ, అత్తయ్యగారి బెంగ అంతా దాని చుట్టూనే తిరుగుతోందని నాకు తోస్తోంది. బిడ్డ బరువు ఏడాదికి పుట్టిన బరువుకు మూడింతలు, రెండేళ్లకు నాలుగింతలు అవుతుందని మేము తల్లులకు చెప్పేవాళ్లం. 2.8 కిలోలకు నాలుగింతలంటే 11.2 కిలోలు. మీ బాబు దాని దగ్గరలోనే ఉన్నాడు. మొదటి ఏడాది ఆరు కిలోల దాకా పెరిగిన బిడ్డ రెండో ఏడాది రెండు, రెండున్నర కిలోలే పెరుగుతాడు కాబట్టి ఆకలి కూడా ఆ మేరకు తగ్గుతుంది. పది నెలలప్పుడు గిన్నె ఖాళీ చేసిన పిల్లవాడు రెండేళ్లకు నాలుగు ముద్దలకే ముఖం తిప్పుకుంటే అది జబ్బు కాదు, "చాలు" అని వాడు తనకు వచ్చిన భాషలో చెప్పడం. ఆ మాట మనం వినం. విననందుకే ఫోన్ వచ్చింది.

ఫోన్ చేసే పని ఏమిటో ఈ రాత్రి ఒక్కసారి దగ్గర కూర్చుని గమనించండి. వీడియో నడుస్తున్నంతసేపు వాడి కళ్లు కదలవు. ముద్ద పెదవులకు తగిలితే నోరు తెరుచుకుంటుంది, లోపల ఏముందో నాలుక చూసుకోదు, చాలాసేపు బుగ్గన అలాగే ఉంటుంది. బొమ్మ ఆగిపోతే నోరు మూసుకుంటుంది. అప్పటిదాకా తిన్నది ఆకలితో తిన్నది కాదు, ఆపింది కడుపు నిండి ఆపిందీ కాదు. నమలడం, రుచి చూడడం, కడుపు నిండిందని తెలుసుకోవడం, ఈ మూడూ వాడు నేర్చుకోవలసిన వయసు ఇదే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని, అంతకన్నా తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ ఇంట్లో ఒక్క పూట భోజనానికే ఆ గంట అయిపోతోంది.

ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మీరూ అత్తయ్యగారూ నిర్ణయించండి. ఎంత తినాలో వాడికి వదిలేయండి. నేను మీకు చెప్పేదంతా ఈ ఒక్క మాటే, కింద రాసేవన్నీ దానికోసమే. ముందు పదకొండింటి సీసా మానండి, నాలుగు రోజుల తరువాత సాయంత్రం సీసా, రాత్రిది చివరన. ఫోన్ మాత్రం కొంచెం కొంచెంగా తగ్గించడం కుదరదు. మీరిద్దరూ ఇంట్లో ఉండే ఒక శనివారం రాత్రి దాన్ని వేరే గదిలో పెట్టి, అందరూ కలిసి కూర్చుని, వాడికి వాడి పళ్లెం వేరే పెట్టండి. కూరలో కారం వేయకముందే వాడి వంతు తీసి ఉంచండి. మన గుంటూరు ఇళ్లలో పిల్లలు పప్పన్నం వద్దనడానికి సగం కారణం అందులోని ఎండుమిరపకాయల ఘాటేనని నా నమ్మకం. రెండు చిన్న ముద్దలు, కొంచెం తోటకూర పప్పు, ఉడికించిన గుడ్డులో ముక్క, అంతే వడ్డించండి. ఆకుకూర మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. వేరుశనగలు, శనగలు మాత్రం గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. నూరి ఉండ చేసి పెట్టండి. ఇరవై నిమిషాలు, అరగంట చూసి, తిన్నా తినకపోయినా పళ్లెం తీసేయండి, తరువాతి పూట దాకా మధ్యలో బిస్కెట్టు, సీసా ఏదీ వద్దు, మంచినీళ్లు చాలు. నాలుగైదు రోజులు ఏడుస్తాడు, పేచీ పెడతాడు, ఒక పూట బొత్తిగా తినకపోనూవచ్చు. అందుకు సిద్ధపడే మొదలుపెట్టండి.

కొత్తపేటలో ఒక కేంద్రానికి వచ్చే పాప ఇంటి దగ్గర వాళ్లమ్మ వీధంతా తిప్పినా తినేది కాదు. మా ఆయా ఆ పాప ముందు చిన్న స్టీలు పళ్లెం పెట్టి, ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి, పక్కన పెసరపప్పు కొంచెం పోసి, ఇక అటువైపు చూడకుండా మిగతా పిల్లలకు వడ్డించుకుంటూ పోయింది. పాప మొదట పప్పులో వేలు ముంచి పళ్లెం అంచు మీద గీత గీసింది, తరువాత వేలు నాకింది, తరువాత ఇడ్లీ ముక్క ముంచింది. రెండు ముక్కలు తిని లేచిపోయింది. "మిగిలిన రెండూ తినిపించనా?" అని ఆయా అడిగితే వద్దన్నాను. వారం తిరిగేసరికి నాలుగు ముక్కలూ తినడం మొదలుపెట్టింది.

ఇక అత్తయ్యగారి సంగతి. ఆవిడతో వాదన పెట్టుకోకండి. రోజుకు తొమ్మిది గంటలకు పైగా మీ బిడ్డను కాచుకుంటున్న మనిషి ఆవిడ. ఆవిడ చేతిలోంచి సీసా తీసేసుకుంటే ఆ చేతికి ఇంకేదో పని ఇవ్వాలి. డాక్టరుగారి దగ్గరకు ఆవిడను కూడా వెంట తీసుకువెళ్లండి. పాల లెక్క ఆయన నోట వింటే ఆవిడకు అది కోడలు పెట్టిన ఆంక్షలా అనిపించదు. తరువాత "అత్తయ్యా, పదకొండింటికి వీడికి మీ చేత్తో నువ్వుల ఉండ గానీ రాగి సంకటి గానీ చేసి పెట్టండి" అని అడగండి. ఈ మాట మీకన్నా ముందు మీవారు వాళ్లమ్మతో చెప్పడం న్యాయం. కొడుకు మాట్లాడవలసిన చోట కోడలిని ముందుకు తోయడం వల్లే ఎన్నో ఇళ్లలో పిల్లల తిండి పెద్దల తగాదా అయి కూర్చుంటోంది.

ప్రశ్న: అమ్మా, నాకు 61 ఏళ్లు. ముగ్గురు పిల్లలను పెంచి పెద్ద చేశాను. మనుమరాలికి ఏడో నెల. ప్రసూతి సెలవు అయిపోయి కోడలు ఉద్యోగానికి వెళుతోంది, పాప నా దగ్గరే ఉంటుంది. తలంటి ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయవద్దంటుంది. సాంబ్రాణి వద్దు, కళ్లకు కాటుక వద్దు, మాటలు రావడానికి వస అరగదీసి నాకించవద్దు, తేనె వద్దంటుంది. ఉగ్గు పెట్టమంటుంది గానీ ఉప్పు వేయనివ్వదు. నా పిల్లలు వీటితో పెరగలేదా? ఈ ఇంట్లో నేను ఆయానేనా?
ఒక నాయనమ్మ, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వదినగారూ, మీ చివరి ప్రశ్న చదివి చాలాసేపు కాగితం పక్కన పెట్టేశాను. మీరు ఆయా కారు. మీరున్నారన్న ధైర్యంతోనే మీ కోడలు ఏడో నెలలో బిడ్డను వదిలి గడప దాటగలుగుతోంది. 2017లో చట్టం సవరించాక ప్రసూతి సెలవు 26 వారాలైంది, అంటే ఆరు నెలలు. అది నిండిన మర్నాటి నుంచి ఆ పిల్ల ఆఫీసులో కూర్చుని ఇంటివైపే మనసు పెట్టుకుని ఉంటుంది. ఆ మనసు మీకు తెలియనిది కాదు.

అయితే మీరు రాసిన వాటిలో చాలావాటి విషయంలో ఆ అమ్మాయిదే సరైన మాట. ఏడాది లోపు బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పెద్దవాళ్లను ఏమీ చేయదు గానీ, పసిబిడ్డ పేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబడేసే విషాన్ని పుట్టిస్తుంది. వస ఎక్కువైతే పసిపిల్లలకు వాంతులు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పిల్ల వసపిట్టలా మాట్లాడాలంటే మీరు దానితో రోజంతా మాట్లాడుతుండడమే మందు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. కాటుక కళ్లకు పెట్టకండి, అరికాలికో చెంపకో దిష్టిచుక్క పెట్టుకోండి, మీ కోడలు దానికి అడ్డు చెప్పదనుకుంటాను. సాంబ్రాణి పొగ ఎంత సువాసన అయినా పొగే, దానికి పసి ఊపిరితిత్తులు తట్టుకోలేవు. దిష్టి తీసిన మిరపకాయలను కూడా బిడ్డ ఉన్న గదికి దూరంగా పారేయండి, పొయ్యిలో వేయకండి. ఉప్పు, పంచదార ఏడాది దాకా వద్దు. ఉగ్గు మనకు చప్పగా ఉంటుంది గానీ ఇంకే రుచీ ఎరగని నోటికి కాదు. మీ పిల్లలు వీటితోనే పెరిగారంటే ఆ మాట నిజం. వీటివల్ల దెబ్బతిన్న పిల్లలను చూసి నేర్చుకున్న సంగతులు ఆ రోజుల్లో మనదాకా రాలేదు, అంతే.

ఇప్పుడు మీకు తెలిసి మీ కోడలికి తెలియని వాటి దగ్గరకు వద్దాం. నువ్వుల నూనెతో ఒళ్లు మర్దనా చేసి, మెత్తటి పెసరపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్లు పోసి, ఒడిలో వేసుకుని లాలి పాడడం ఏ పుస్తకమూ చదివి వచ్చేది కాదు. చెవుల్లో, ముక్కులో పోయకుండా ఇదంతా నిక్షేపంగా చేయండి. ఉగ్గు మీ చేతిదే కావాలి. బియ్యం రెండు పాళ్లు, పెసరపప్పు ఒక పాలు కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, మెత్తగా పిండి పట్టించి, చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉడికించి, అర చెంచా నెయ్యి వేసి రోజుకు రెండు మూడు సార్లు పెట్టండి. పలచగా చేస్తే నీళ్లతోనే కడుపు నిండిపోతుంది.

మరో పని ఉంది, అది మీరే చేయగలరు. ఉదయం వెళ్లేముందు కోడలు పాలు పిండి శుభ్రమైన స్టీలు గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, అవి ఆ రోజంతా నిలుస్తాయి. మన బెజవాడ ఎండల్లో మాత్రం బయట ఉంచకూడదు. వాటిని కాచకూడదు, వేడి నీళ్ల గిన్నెలో కాసేపు పెట్టి, చల్లదనం విరిగాక మీ పాత ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా అవసరమే ఉండదు. ఉగ్గుగిన్నె ముక్కును బిడ్డ కింది పెదవికి ఆనించి, గిన్నెను కొంచెమే వంచి, బిడ్డ చప్పరించుకుంటూ పోతుంటే చేయి ఎక్కడ ఆపాలో మీ తరానికి తెలిసినంతగా ఈ తరానికి తెలియదు. పెదవులు బిగించిందంటే చాలన్నట్టే, గిన్నె దించేయండి. సాయంత్రం కోడలు రాగానే "ఇవాళ నీ పాలు రెండు గిన్నెలు తాగింది" అని ముందు ఆ మాట చెప్పండి. ఆ తరువాత కాటుక గురించి పోట్లాడుకునే తీరిక మీ ఇద్దరికీ ఉండదు.

ప్రశ్న: మేడమ్, ఈ ఉత్తరం మావారికి తెలియకుండా రాస్తున్నాను. ఆయన హైదరాబాదులో ఉద్యోగం, వారాంతంలో వస్తారు. పటమటలో అపార్టుమెంటులో నేను, మూడేళ్ల పాప ఉంటాం. మొన్న సాయంత్రం వంట చేస్తుంటే డబ్బాలో రవ్వంతా నేల మీద పోసింది. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చి కొట్టాను. తొడ మీద వేళ్ల అచ్చులు పడ్డాయి. ఏడ్చి ఏడ్చి మళ్లీ నా కొంగే పట్టుకుని పడుకుంది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. నేను మంచి తల్లిని కానా?
పేరు రాయడం లేదు

జవాబు: అమ్మా, కొట్టడం తప్పే. చిన్న దెబ్బే కదా అని నేను అనను, మీరూ అనుకోవడం లేదు కాబట్టే ఉత్తరం రాశారు. కానీ ఆ తప్పు దగ్గరే ఆగిపోతే పాపకు ఉపయోగం లేదు. ఇవాళే పాపను ఒడిలో కూర్చోబెట్టుకుని, "అమ్మకు కోపం వచ్చి కొట్టింది. కొట్టడం తప్పు. నీకు నొప్పి పెట్టింది కదూ?" అని మూడు చిన్న మాటల్లో చెప్పండి. "నువ్వు రవ్వ పోశావు కాబట్టి" అని మాత్రం దానికి తగిలించకండి. మూడేళ్ల పిల్ల మాటలన్నీ గుర్తుపెట్టుకోదేమో గానీ, అమ్మ తప్పు ఒప్పుకున్న తీరు దానికి అర్థమవుతుంది.

రవ్వ పోయడం పొగరు కాదు. డబ్బా వంచితే ఏమవుతుందో చూడాలనిపించింది, చూసింది. చేతిని ఆపుకునే శక్తి ఆ వయసుకు ఇంకా రాదు. సాయంత్రం ఆరు, ఏడు గంటల వేళ మరీ రాదు, ఎందుకంటే అప్పటికి అలసట, ఆకలి రెండూ కలిసి వస్తాయి, మీకూ అంతే. ఈ వయసు పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. అది సరిపోతోందో లేదో లెక్క చూసుకోండి. రాత్రి వంటను మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడే సగం ముగించి, ఐదున్నరకు ఒక అరటిపండు పెట్టి, ఇద్దరూ మెట్లు దిగి బయటకు వెళ్లండి. కింద వాచ్‌మన్ పిల్లలతో ఆడుకున్నా సరే, ఆ గంట ఇంట్లో ఉండకండి. మళ్లీ అంత కోపం వచ్చిందనిపించినప్పుడు పొయ్యి ఆపి, పాపను ప్రమాదం లేని గదిలో కూర్చోబెట్టి, తలుపు తెరిచే ఉంచి, మీరు వెళ్లి ముఖాన నీళ్లు కొట్టుకోండి. రెండు నిమిషాలు పాప ఏడిస్తే ఏమీ కాదు. రవ్వ అక్కడే ఉంటుంది, తరువాత ఇద్దరూ కలిసి చీపురుతో ఊడ్చుకోవచ్చు. బూచాడు వస్తాడనో, పోలీసు పట్టుకుపోతాడనో బెదిరించడం కొట్టడానికి మారు కాదు, అది కూడా వద్దు.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది దెబ్బ కాదు, దీన్ని మీ భర్తకు తెలియకుండా రాయడం. ఆయన బిడ్డ కూడా కదా. వారానికి ఐదు రోజులు ఒంటరిగా పసిపిల్లను పెంచుతున్న మనిషి అలసిపోయిందని ఆయనకు తెలియాలి, తెలిస్తేనే శని ఆదివారాల్లో ఆయన చుట్టం చూపుగా వచ్చినట్టు కాకుండా ఒక పూటంతా పాపను తన దగ్గర పెట్టుకుని మిమ్మల్ని నిద్రపోనిస్తారు. చెప్పండి. పాప పుట్టిన దగ్గర నుంచీ లేదా ఈ మధ్య వారాల తరబడి ఏడుపు ఆగకపోవడం, నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే అది అలసటతో పోయేది కాదు, వైద్యం చేయించుకోవలసిన సంగతి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. పేరు రాయనందుకు సంకోచపడకండి. వచ్చే నెల ఎలా ఉన్నారో మళ్లీ రెండు ముక్కలు రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మా అమ్మాయికి మూడేళ్ల నాలుగు నెలలు. నర్సరీలో అ నుంచి అః వరకు రాయడం ఇంటిపనిగా ఇస్తున్నారు. నాలుగు అక్షరాలు కాగానే పెన్సిలు విసిరేస్తుంది. పక్కింటి పాప ఒత్తులు కూడా రాస్తోంది. మా అమ్మాయి వెనకబడిందా?
లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: లేదు. మూడేళ్లకు బిడ్డ చేయి చూసి గీయగలిగేది ఒక సున్నా. నాలుగేళ్లకు అడ్డగీత నిలువుగీత కలిపి కూడిక గుర్తు వేస్తుంది, చతురస్రానికి ఐదేళ్లు రావాలి. మన తెలుగు అక్షరాల మెలికలన్నీ ఆ తరువాతి పని. నాలుగు అక్షరాలు రాసి పెన్సిలు విసిరిందంటే ఆ వేళ్లకు అప్పటికి చాలు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అని చెప్పి, ఆ దశలో ఆటపాటలతోనే నేర్పమంది. టీచరుగారి దగ్గరకు వెళ్లి, ఇంటిపని పూర్తి చేయించలేనని, నాలుగు అక్షరాలే పంపుతానని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి. పుస్తకంలో సంతకం చేసి పంపితే చాలావరకు ఊరుకుంటారు. ఇంటి దగ్గర చపాతీ పిండి ముద్ద ఇచ్చి పిసకమనండి, చిక్కుడుకాయలు ఒలవమనండి, పళ్లెంలో బియ్యం పరచి వేలితో సున్నాలు చుట్టనివ్వండి. దసరాలో మూలా నక్షత్రం నాడు కనకదుర్గమ్మను సరస్వతీదేవిగా అలంకరిస్తారు కాబట్టి, అక్షరాభ్యాసం ఇంకా చేయించకపోతే ఆ రోజు ఇంద్రకీలాద్రికి తీసుకువెళ్లండి. రద్దీ ఎక్కువ కనుక తెల్లవారుజామునే బయలుదేరి, పాపకు ఒక నీళ్ల సీసా, రెండు ఇడ్లీలు వెంట ఉంచుకోండి.